మామిడి సల్సా నీరెందుకు కారింది, ఏ చేపకు ఏ పండు నప్పుతుంది

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదివాను. అమెరికా నుంచి వచ్చిన మీ ఆడపడుచు కొడుకు "అత్తా, చేపతో మామిడిపండు సల్సా చెయ్యవా" అని అడిగాడు. మీరు మిర్యాలగూడ మార్కెట్ నుంచి బాగా మాగిన బేనిషాన్ (బంగినపల్లి) పండ్లు తెచ్చి, ముక్కలు కోసి, టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు అన్నీ కలిపి పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టారు. మధ్యాహ్నానికి గిన్నెలో సగం నీళ్లే. దాన్ని అల్లం వెల్లుల్లి, గరం మసాలా దట్టంగా పట్టించి వేయించిన రవ్వ చేప ముక్కల మీద వేస్తే, ఒకరు ముల్లు గుచ్చుకుందన్నారు, మీ ఆయనేమో "చేప పొరపాటున పండ్లరసంలో పడినట్టుంది" అన్నారు. ఎక్కడ తప్పింది, ఏ పండుకు ఏ చేప, చికెన్‌తో మటన్‌తో కూడా చేయవచ్చా అని అడిగారు.

విడివిడిగా తింటే మీ సల్సా బాగానే ఉండి ఉంటుంది, మీ చేప వేపుడూ బాగానే ఉండి ఉంటుంది. పక్కపక్కన పెట్టేసరికి పోట్లాడుకున్నాయి. నీరు కారడం చిన్న సంగతి, దానికి మందు సులువు. ఆ పోట్లాట గురించే ఎక్కువ చెప్పాలి.

నాది వనపర్తి పక్కన పల్లె. పాలమూరు నుంచి పని వెతుక్కుంటూ పోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. దుబాయ్‌లో ఒక హోటల్ వంటింట్లో పదకొండేళ్లు పనిచేశాను. మొదట గిన్నెలు తోమాను, తర్వాత కూరగాయలు తరిగాను, ఆ తర్వాతే పొయ్యి దగ్గరికి రానిచ్చారు. ఇప్పుడు నల్లగొండలో పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ వంట ఒప్పుకుంటాను. సల్సా నేర్పింది ఆ హోటల్లోని మెక్సికో వంటమనిషి. సల్సా అంటే వాళ్ల స్పానిష్ భాషలో సాస్ అని మాత్రమే అర్థం అని మొదటిరోజే చెప్పాడు. వాళ్ల ఊళ్లో దాన్ని మూడు కాళ్ల రాతి రోటిలో నూరుతారట. ఆ రోలు ఫోటో చూపించగానే నాకు మా అమ్మమ్మ తొక్కు నూరే రోలు కళ్ల ముందు మెదిలింది. కాల్చిన టమాటా, కాల్చిన మిరపకాయ, ఉప్పు, వెల్లుల్లి వేసి నూరితే మనకు తొక్కు, వాళ్లకు సల్సా. మిరపకాయా టమాటా వాళ్ల వైపు నుంచి మనకు వచ్చాయి. మామిడి మన వైపు నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా అటు వెళ్లింది. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగేవి. మెక్సికోలో ఒక మామిడి రకాన్ని ఇప్పటికీ మనీలా అనే పిలుస్తారు. కాబట్టి మామిడిపండు మీద కారం చల్లడం మీ మేనల్లుడు కనిపెట్టిన వింత అనుకోకండి.

అయితే పండ్ల సల్సాను నూరరు, తరుగుతారు. బిర్యానీ పక్కన పెట్టే కచుంబరు దీనికి దగ్గర చుట్టం. తొక్కులో అన్ని రుచులూ కలిసి ఒకటైపోతాయి. ఇందులో మాత్రం పండు పండుగా, ఉల్లి ఉల్లిగా, మిరప మిరపగా నోటికి విడివిడిగా తగలాలి. మాగిన పండుతో అది కుదరదు.

నీటి సంగతి ఇక్కడే మొదలవుతుంది. కోసిన ముక్క మీద ఉప్పు పడగానే లోపలి నీరు బయటికి వస్తుంది. ఆవకాయకు కోసిన ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే ఊట దిగేదీ ఇందుకే. పచ్చికాయ గట్టిది కనుక నీరు వదిలినా ముక్క నిలబడుతుంది. మాగిన పండులో ముక్కను పట్టి ఉంచే గట్టితనం ముందే కరిగిపోయి ఉంటుంది, ఉప్పు తగిలితే కుప్పకూలుతుంది. టమాటా గుజ్జు దానికి తోడైంది. మీరు పొద్దున కలిపి మధ్యాహ్నం తిన్నారు, అంటే నాలుగైదు గంటలు ఊట దిగింది. నీళ్లు సగమే ఉన్నాయంటే మీ పండ్లు మంచివే.

సల్సాకు కావలసింది దోరపండు. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చే బేనిషాన్ అయితే మరీ మంచిది. తొడిమ చుట్టూ బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. కొంచెం కూడా లోపలికి పోకపోతే అది ఇంకా కాయ. వేలు దిగి గుంట అలాగే ఉండిపోతే అది తినే పండు, పిల్లలకు ఇచ్చేయండి. నొక్కినప్పుడు లొంగి, వేలు తీయగానే మళ్లీ పొంగేదే మన పండు. కోశాక కూడా ఒక గుర్తు ఉంది. టెంక పక్కన కండ పసుపుగా, తొక్క కింద కండ ఇంకా లేతగా ఉంటే పులుపూ తీపీ రెండూ ఉన్నాయన్నమాట. కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్లు పైకి పసుపుగా మెరుస్తూ లోపల చప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిని దోరపండ్లని పొరపడకండి. కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది, అయినా ఎండాకాలం మొదట్లో బండ్ల మీద అలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. అల్ఫాన్సో, దసేరీ లాంటివి ఈ పనికి మరీ మెత్తన. రసాలు అసలే వద్దు, అవి పుట్టిందే జుర్రుకోవడానికి.

నలుగురికి రెండు దోర బేనిషాన్లు చాలు. తొక్క తీసి, టెంకకు రెండు వైపులా చెంపలు కోసి, చెంపను బల్ల మీద బోర్లించి ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా కోయండి. నానిన శనగ గింజకు రెట్టింపు ఉండాలి ముక్క. కత్తి పదునుగా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. మొద్దు కత్తి పండును కోయదు, నలుపుతుంది. నలిగిన చోటల్లా నీరే. కత్తిపీట అలవాటున్నవాళ్లు దాని మీద చెంపలు తీసుకోవచ్చు గానీ సన్నముక్కలకు చాకే మేలు. ఒక చిన్న ఉల్లిపాయను మామిడి ముక్కలో సగం సైజుకు తరిగి, పది నిమిషాలు చల్లటి నీళ్లలో వేసి, గుడ్డలో పిండండి. దాని ఘాటు సగం నీళ్లలో పోతుంది. ఇది మానేస్తే ఉల్లి ఒక్కటే నోట్లో గంటసేపు కూర్చుంటుంది.

పచ్చిమిర్చి దగ్గర మెక్సికో వంటను ఉన్నదున్నట్టు దించుకోకూడదు. వాళ్ల హాలపేన్యో మిర్చికి కండ మందం, కారం తక్కువ, అందుకే ముక్కలు ధారాళంగా వేస్తారు. మన సన్న మిర్చి అలా వేస్తే ఇక ఏ పండు రుచీ తెలియదు. రెండు మిరపకాయలను మంట మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చి, చీల్చి, గింజలను పట్టి ఉండే తెల్లటి ఈనె తీసేయండి. కారమంతా ఉండేది ఆ ఈనెలోనే. మిగిలిన తొక్కను ఆవగింజంత తరగండి. కాల్చడం వల్ల వచ్చే పొగవాసన చేపకు బాగా నప్పుతుంది. కొత్తిమీర ఆకుతో పాటు లేత కాడలు కూడా సన్నగా తరిగి వేయండి, కాడల్లోనూ మంచి వాసన ఉంటుంది. టమాటా మానేయండి. వేయాల్సిందే అనుకుంటే గింజలూ గుజ్జూ తీసేసి గోడలు మాత్రం వేయండి.

ఈ నాలుగింటినీ ముందే తరిగి విడివిడి గిన్నెల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కలపడం మాత్రం చేప పెనం మీదికి ఎక్కాకే. ముందు నిమ్మరసం ఒకటిన్నర పెద్ద చెంచాలు, వేయించి దంచిన జీలకర్ర చిటికెడు, చివర అర చెంచా ఉప్పు. అట్లకాడతో కింది నుంచి పైకి రెండుసార్లు తిప్పితే చాలు. పది నిమిషాలు ఆగితే రుచులు కలుస్తాయి, అరగంట దాటితే ఊట మొదలవుతుంది.

ఇదంతా పుస్తకంలో చదివి చెప్పడం లేదు, నష్టపోయి నేర్చుకున్నాను. తిరిగొచ్చిన కొత్తలో, మే నెలలో, ఇక్కడే ఒక ఫంక్షన్‌కు రెండు వందల మందికి మామిడి సల్సా ఒప్పుకున్నాను. దుబాయ్‌లో వంటిల్లంతా చల్లగా ఉంటుంది, అక్కడి లెక్కే ఇక్కడా వేశాను. పది గంటలకే కలిపించి, స్టీలు తపేలాల్లో మూతలు పెట్టించాను. భోజనాలు ఒంటిగంటన్నరకు మొదలయ్యాయి. మూత తీస్తే కల్లు ముంతలో నుంచి వచ్చినట్టు వాసన, పైన సన్న బుడగలు. మొత్తం పారబోశాను. ఆ రోజు చేపలు నిమ్మచెక్కలతో వెళ్లాయి. కోసిన పండు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. నల్లగొండ మే నెల ఎండ మీకు చెప్పాలా! ఖర్బూజా, పుచ్చకాయ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వాటిలో పులుపు దాదాపు ఉండదు కాబట్టి క్రిములు త్వరగా పెరుగుతాయి.

ఇక పోట్లాట సంగతి. మనం చేపను చింతపండుతో ఎందుకు వండుతాం? పులుపు లేని చేప మనకు నీచుగా అనిపిస్తుంది. చెరువు చేపకు ఉండే బురద వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. తొలకరి వానకు నేల నుంచి లేచే మట్టివాసనకు కారణమూ అదే. నేల మీద మనసుకు హాయిగా ఉండే వాసన పళ్లెంలో కంపు అవుతుంది. నీటిలోని నాచు లాంటి సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి, అది చేప కొవ్వులోకీ చర్మంలోకీ చేరుతుంది. పులుపు తగిలితే విరిగిపోతుంది. సముద్రపు చేప నీచు వేరే పదార్థం, కానీ దాన్నీ పులుపే అణచిపెడుతుంది. మన అమ్మమ్మలకు ఈ పేర్లు తెలియవు గానీ ఉప్పూ పసుపూ నిమ్మరసమో పుల్లమజ్జిగో పట్టించి కడగడం తెలుసు, పులుసులో మామిడికాయ చెక్కలు వేయడం తెలుసు, ఎండుచేపలకు మామిడికాయ జోడించడం తెలుసు. మామిడికీ చేపకూ మన దగ్గర ఎప్పుడో సంబంధం కుదిరింది.

పులుసులో చింతపండు చేసే పనినే సల్సా పళ్లెంలో చేస్తుంది. పులుపు తెస్తుంది, కారం తెస్తుంది, కొత్తిమీర వాసన తెస్తుంది. అవన్నీ సల్సాలో ఉన్నప్పుడు చేపలోనూ ఉంటే దేన్ని పట్టుకోవాలో నాలుకకు తెలియదు. మీ రవ్వ ముక్కకు గరం మసాలా, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి దండిగా పట్టాయి. ఆ మసాలాకు పెరుగో ఉల్లిపాయో తోడు కావాలి గానీ తీపి తోడు అక్కర్లేదు. పై నుంచి తియ్యటి మామిడి పడేసరికి లవంగం, దాల్చినచెక్క వాసన మిఠాయి వైపు లాగింది. సల్సా చేసిన రోజు చేపకు ఉప్పు, పసుపు, మిరియాల పొడి, కావాలంటే వెల్లుల్లి ఒక రెబ్బ. అంతకు మించి ఏదీ వేయకండి. మొదటిసారి చేసేవాళ్లకు ఇది చాలా కష్టం, చేయి దానంతట అదే మసాలా డబ్బా వైపు పోతుంది. నాకూ పోయేది.

చేపల్లో మొదటి మాట కొర్రమీనుకే. మన రాష్ట్ర చేప అని అభిమానంతో అనడం లేదు. కండ గట్టిది, కొవ్వు తక్కువ, సన్న ముళ్లు తక్కువ, పెనం మీద విరిగిపోదు. అంగుళానికి కొంచెం తక్కువ మందంలో ముక్కలు కోయించి, నిమ్మ, ఉప్పు పట్టించి పది నిమిషాల తర్వాత కడిగి, గుడ్డతో పొడిగా తుడవండి. తడి ఉంటే వేగదు, ఉడుకుతుంది. పల్లీ నూనె వేడెక్కాక ముక్క వేసి నాలుగు నిమిషాలు కదపకండి. అంచులు తెల్లబడి పైకి పాకుతూ కనిపిస్తాయి, తెలుపు సగం దాకా ఎక్కినప్పుడు తిప్పండి. రెండో వైపు మూడు నిమిషాలు చాలు. నడిముల్లు దగ్గర చాకు మొనతో తడితే కండ తేలిగ్గా విడివడాలి, గాజులా మెరవకూడదు. దీనికి మామిడి సల్సా నప్పినట్టు ఇంకేదీ నప్పదు.

కొర్రమీను ధర చూసి వెనకాడితే రవ్వ, బొచ్చె తెచ్చుకోండి, కానీ వెన్ను ముక్కలు, తోక ముక్కలు వద్దు. వాటి కండ లోపల వై ఆకారంలో సన్న ముళ్లుంటాయి. పులుసన్నంలో మన వేళ్లు వాటిని వెతికి పట్టుకుంటాయి. ఉల్లి, మామిడి, కొత్తిమీర ముక్కల గుంపులో ముల్లు దాక్కుంటే ఏ వేలికీ దొరకదు, గొంతుకే దొరుకుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే. పొట్ట ముక్కలు అడిగి తీసుకోండి, అందులో పెద్ద పక్కటెముకలే ఉంటాయి, చేత్తో లాగేయవచ్చు. పెద్ద బొచ్చె పొట్టకు కొవ్వు ఉంటుంది కనుక సల్సాలో పులుపు ఒక చెంచా పెంచవచ్చు. ఏ చేపైనా సరే సల్సాను దాని నెత్తిన కుమ్మరించకండి, పక్కన పెట్టండి. వేగిన పెళుసుదనం నిలుస్తుంది, ముల్లూ కనిపిస్తుంది. జూరాల ప్రాజెక్టు దగ్గర రోడ్డు పక్కన వేయించే చేపలు ఎంత బాగున్నా వాటితో సల్సా కలపవద్దనేది నా సలహా. ఆ కారప్పొడి పూతకు ఉల్లిపాయ, నిమ్మచెక్క చాలు. కాలువలు నిండినప్పుడు దొరికే సన్న చేపలు కూడా పులుసుకే వదిలేయండి.

ఒక హెచ్చరిక. నెట్‌లో చూసి పచ్చి చేప ముక్కలను నిమ్మరసంలో, పండ్లలో నానబెట్టి తినే వంటకం చేద్దామని కొందరు అడుగుతుంటారు. సాగర్ చేపతోనో చెరువు చేపతోనో ఆ పని అసలు చేయకండి. నిమ్మరసం తగిలితే కండ తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుందే గానీ మంచినీటి చేపల్లో ఉండే పరాన్నజీవులు చావవు.

రొయ్యలకు అనాస. కాకపోతే అనాసను ముందు చక్రాలుగా కోసి పెనం మీదో బొగ్గుల మీదో రెండు వైపులా గోధుమ మరకలు పడేదాకా కాల్చాలి. పచ్చి అనాసలో మాంసాన్ని అరిగించే బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, ఎక్కువ తింటే నాలుక చిమచిమలాడేది దాని వల్లే. రొయ్యల్లో కలిపి కాసేపు ఉంచితే పైపొర పిండిలా అవుతుంది. కాలిస్తే ఆ గుణం పోతుంది, తీపి చిక్కబడుతుంది. ఈ సంగతి తెలియక దుబాయ్‌లో ఒకసారి చికెన్‌ను రాత్రంతా అనాస రసంలో నానబెట్టాను. పొద్దున ముక్క పట్టుకుంటే ఉప్మాలా చేతికంటింది. ఆ వారమంతా నన్ను మళ్లీ ఉల్లిపాయలకే పంపారు.

చికెన్‌కు తొడ ముక్కలు తీసుకోండి, దొరికితే చర్మంతోనే. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లితో ఎర్రగా కాల్చి, దోర జామకాయ సల్సా పక్కన పెట్టి చూడండి. గింజల గుండె తీసేసిన జామ గోడలు, ఉల్లి, పచ్చిమిర్చి, నిమ్మ, చిటికెడు నల్ల ఉప్పు. చలికాలంలో జామ చవక, పైగా నీరు వదలదు. ఈ జోడీకి రావలసినంత పేరు రాలేదు. దోర బొప్పాయి కూడా చికెన్‌కు పనికొస్తుంది గానీ అందులో పులుపు ఉండదు, నిమ్మ రెట్టింపు కావాలి. నాటుకోడి మాత్రం వద్దు. అది గట్టిది, మెత్తబడాలంటే చాలాసేపు ఉడకాలి, ఉడికేటప్పుడు మసాలాను కోరుకుంటుంది. నాటుకోడి పులుసు పక్కన జొన్నరొట్టె ఉండాలి గానీ మామిడిపండు ముక్కలు ఎందుకు?

బత్తాయి గురించి చెప్పకపోతే నల్లగొండలో ఉండే అర్హత నాకు లేదు. ఇక్కడి నుంచి లారీల్లో ఢిల్లీ దాకా పోయే పండు, మనం మాత్రం రసం తీసి జ్వరం వచ్చినవాళ్లకు పోస్తాం. బత్తాయి సల్సాకు ఓపిక కావాలి. రెండు కొనలూ కోసి నిలబెట్టి, చాకుతో పై నుంచి కిందికి తొక్కనూ దాని కింది తెల్లటి దూదినీ కలిపి చెక్కేయండి. తర్వాత పండును అరచేతిలో పట్టుకుని ప్రతి తొనకూ రెండు వైపులా పొర పక్క నుంచి చాకు దించితే పొర లేని తొన జారి గిన్నెలో పడుతుంది. పొరలో చేదు ఉంటుంది, దూదిలో ఇంకా ఉంటుంది. మొదటి పండుకు ఐదు నిమిషాలు పడుతుంది, నాలుగో పండుకు నిమిషం చాలు. తొనలను మూడేసి ముక్కలుగా చేసి, కారిన రసం వేరే తీసిపెట్టండి. బత్తాయిలో తీపి ఉన్నంత పులుపు ఉండదు, నిమ్మరసం తప్పదు. కొత్తిమీర బదులు పుదీనా వేయండి. కోసిన అరగంటలో తినేయాలి, బత్తాయి రసం నిలవుంటే చేదెక్కుతుందని ఇంట్లో రసం తీసేవాళ్లందరికీ తెలుసు.

దీనికి జోడీ మేక కాలేయం. విచిత్రంగా ఉందా? కాలేయానికి ఇనుము వాసన ఉంటుంది, చివర్లో కొంచెం చేదు కూడా. బత్తాయి తీపి, ఆ సన్నటి చేదు రెండూ దానికి సరిగ్గా అతుకుతాయి. వేలెడు ముక్కలు కోసి, మిరియాలు, పసుపు వేసి, మంట ఎక్కువ పెట్టి త్వరత్వరగా వేయించండి. మధ్యలో పచ్చి లేకుండా చూసుకుని వెంటనే దించేయండి, ఆ తర్వాత ప్రతి నిమిషానికీ రబ్బరులా మారుతుంది. ఉప్పు చివర్లో. పక్కకు తీసిన బత్తాయి రసాన్ని అదే పెనంలో పోసి తీగ పాకం వచ్చేలా మరిగించి కాలేయం మీద పోయండి. మా ఇంట్లో ఆగస్టు, సెప్టెంబరులో బత్తాయి దిగినప్పుడు ఇది తప్పకుండా ఉంటుంది.

మటన్ దగ్గర మామిడిపండు ఓడిపోతుంది. మేకమాంసం వాసన బలమైనది, కొవ్వు నాలుకకు అంటుకుంటుంది, తీపి పండు దాన్ని కోయలేదు. కూరగా వండిన మటన్‌కు ఏ సల్సా వద్దు. లేత మేక పక్కటెముకలను కిలోకు ఒక పెద్ద చెంచా పచ్చి బొప్పాయి ముద్ద, ఉప్పు, వెల్లుల్లితో ముప్పావుగంట నానబెట్టి బొగ్గుల మీద కాల్చినప్పుడు మాత్రం దానిమ్మ సల్సా చేయండి. దానిమ్మ గింజలు, సన్న ఉల్లి, కాల్చిన పచ్చిమిర్చి, పుదీనా, నిమ్మ. దానిమ్మ గింజ దేనికదే సంచిలో ఉన్నట్టు ఉంటుంది కాబట్టి ఉప్పు పడినా నీరు కారదు, పంటి కింద పగిలినప్పుడే రసం వస్తుంది. పెళ్లిళ్లకు నేను ధైర్యంగా ఒప్పుకునే సల్సా ఇప్పుడు ఇదొక్కటే. ఎండాకాలంలో మటన్‌కు మామిడితోనే చేయాలనుకుంటే పండు బదులు పుల్ల మామిడికాయను అగ్గిపుల్లల్లా తరిగి వేయండి.

కాల్చిన మాంసానికి పండుతో పాటు ఇంకొకటి కూడా పెడతాను. మెక్సికోలో వెరాక్రూజ్ వైపు సల్సా మాచా అని చేస్తారు, ఎండుమిర్చి, పల్లీలు, వెల్లుల్లి నూనెలో వేయించి నూరేది. అది మొదటిసారి నాలుక మీద పడగానే నవ్వొచ్చింది. పాలమూరులో పల్లీ చేను లేని ఊరు ఎక్కడుంది, పల్లీ కారం లేని ఇల్లు ఎక్కడుంది? మన పల్లీ కారంలో నూనె పోసి కలిపితే దాదాపు అదే. దానిమ్మ సల్సా మీద ఒక చెంచా జల్లండి.

సీతాఫలం గురించి కూడా కొందరు అడిగారు, మా పాలమూరు బాలానగర్ పండ్లు ఉన్న జిల్లా కదా అని. వద్దు. ముక్కగా నిలవదు, గింజలు ఏరలేం, వేడి తగిలితే చేదెక్కుతుంది. తీరిగ్గా కూర్చుని చేత్తో తినే పండును అలాగే తిననివ్వండి.

మీ మేనల్లుడు వెళ్లేలోపు మళ్లీ చేయాలనుకుంటే కొర్రమీను నాలుగు ముక్కలు, దోర బేనిషాన్లు రెండు, మసాలా డబ్బా పై అరలో. అన్నంతో వద్దు, వేడి జొన్నరొట్టెలో చేప ముక్క తుంచి పెట్టి, దాని మీద సల్సా చెంచాడు వేసి చుట్టి ఇవ్వండి. మెక్సికో వాళ్ల టాకో అంటే ఇదే కదా అని మీ మేనల్లుడే అంటాడు. గిన్నె అడుగున ఎంతో కొంత రసం దిగుతుంది, అది పారబోయకండి. రాత్రికి పచ్చిపులుసు చేసేటప్పుడు చింతపండు కొంచెం తగ్గించి అందులో పోయండి, ఇక బెల్లం వేయనక్కర్లేదు.